న్యూయార్క్‌లోని అంకుల్ బూన్స్ ఎందుకు మూతపడింది? ఆ వంటలు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి?

మాన్‌హాటన్‌లోని స్ప్రింగ్ స్ట్రీట్‌లో 2013లో మొదలైన థాయ్ హోటల్ అంకుల్ బూన్స్ గిరాకీ లేక మూతపడలేదు. మేటి హోటళ్లకు ఇచ్చే మిషెలిన్ స్టార్ గుర్తింపు కూడా దక్కిన ఆ హోటల్ ముందు సాయంత్రమైతే జనం పేర్లు రాయించుకుని నిలబడేవారు. నేనూ అలా నిలబడ్డవాణ్ణే. కోవిడ్ కారణంగా 2020 మార్చిలో నగరంలోని హోటళ్లలో కూర్చుని తినడాన్ని నిలిపివేసి, సెప్టెంబరు చివరన పావు వంతు సీట్లకు మాత్రమే తిరిగి అనుమతించారు. ఈలోగా ఆగస్టులోనే, భవన యజమానితో లీజు విషయంలో ఒప్పందం కుదరలేదంటూ, హోటల్ నడిపిన ఆన్ రెడ్డింగ్, మాట్ డాన్జర్ దంపతులు దానిని శాశ్వతంగా మూసివేశారు. గిరాకీ ఆగినా అద్దె ఆగని ఊరిలో అది వింత కాదు.

అక్కడ నేను ఎక్కువగా తెప్పించుకున్నది ఖావ్ సోయ్ అనే నూడుల్స్ వంటకం. కొబ్బరిపాలతో చేసిన పసుపుపచ్చని పులుసులో గుడ్డు కలిపిన నూడుల్స్, ఎముకతో సహా ఉడికిన కోడి కాలు, పక్కన ఊరబెట్టిన ఆవాకు, పైన కరకరలాడే వేయించిన నూడుల్స్ ఉండేవి. మొదటి ముద్దకు మన కొబ్బరిపాల కోడికూరలాగే తోచినా, ఆవాకు పులుపు తగలగానే దారి పూర్తిగా మారిపోయేది. పీతమాంసం వేసిన వేపుడన్నం దానికి ఏమాత్రం తీసిపోదు. వేయించిన కొబ్బరితో ఇచ్చే ఐస్‌క్రీమ్ గురించి మాత్రం జనం కొంచెం ఎక్కువే చెప్పారని నా అభిప్రాయం.

మీరు అడిగిన రెండో ప్రశ్నకు దగ్గరి సమాధానం, అదే దంపతులు 2020 మొదట్లో దగ్గరలోనే మాట్ స్ట్రీట్‌లో తెరిచిన థాయ్ డైనర్. పాత హోటల్‌లోని పీత అన్నం, కొబ్బరి ఐస్‌క్రీమ్ వంటివి కొన్ని అక్కడికి చేరాయి. అయితే అది పగటిపూట టిఫిన్లు కూడా పెట్టే వెలుతురు నిండిన చోటు. చెక్కగోడల మధ్య మసక వెలుతురులో, పాత థాయ్ ఫొటోల కింద భుజాలు రాసుకుంటూ తిన్న పాత హోటల్ వాతావరణాన్ని అక్కడ ఆశించకండి.

మీకు కావలసింది ఆ వాతావరణం కాక అసలైన కారం, పులుపు అయితే, ఏడో నంబరు సబ్‌వే రైలెక్కి న్యూయార్క్‌లోనే మరో భాగమైన క్వీన్స్‌కు వెళ్లడమే మేలు. ఉడ్‌సైడ్‌లోని శ్రీప్రఫాయ్, ఎల్మ్‌హర్స్ట్‌లోని అయాడా రెండూ థాయ్ కుటుంబాలు కూడా వచ్చి తినే చోట్లు. జాక్సన్ హైట్స్‌లో పచారీ సామాను కొనే మనవాళ్లకు ఎల్మ్‌హర్స్ట్ నడక దూరమే. శాకాహారులైతే, కూరగాయల వంటకాలలో కూడా చేపల సాస్, రొయ్యల ముద్ద పడుతుంటాయి కనుక, అవి రెండూ వేయవద్దని పేరుపెట్టి చెప్పండి. "మాంసం వద్దు" అంటే సరిపోదు.