నెయ్యి బ్రెడ్ సరే, ఆ మాత్రలు ఎవరు రాసిచ్చారు?

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్నాను. వయసు 46. డిసెంబరులో ఫ్రెండ్స్‌తో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్తున్నాం. మంచులో టెంట్లు. గోధుమపిండి, బెల్లం, నెయ్యి, వేరుసెనగపప్పు, ఖర్జూరంతో ఇంట్లోనే బ్రెడ్ చేసి తీసుకెళ్దామనుకుంటున్నాను. చలికి శక్తి సరిపోతుందా? రోజుకు ఎన్ని ముక్కలు తినాలి? షుగర్‌కి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడుతున్నాను. ఎత్తు పడకపోతే వేసుకోమని ఫ్రెండ్ డయామాక్స్ ఇచ్చాడు.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: బ్రెడ్ గురించి అంత రాసి, మాత్రల సంగతి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు టెన్షన్ అక్కడే.

డయామాక్స్ (అసిటజోలమైడ్) ఎత్తు పడనివారికి మంచి మందే, అవసరమైనవారికి మేమూ రాస్తాం. కానీ దానితో మూత్రం ఎక్కువగా పోతుంది. చలిలో దాహం వేయదు, నీళ్లు తాగరు. మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఒంట్లో నీరు తగ్గి, కిడ్నీలు కూడా సరిగా లేకపోతే రక్తంలో ఆమ్లం పేరుకోవచ్చు. డయామాక్స్ కూడా సల్ఫా కోవకు చెందిన మందే కాబట్టి, సల్ఫా మందులకు గతంలో దద్దుర్లు వచ్చి ఉంటే అదీ డాక్టర్‌కు చెప్పాలి. మొన్న ఒకాయన ‘ఇవే వాడాను డాక్టర్’ అని కత్తిరించిన స్ట్రిప్ ముక్క బల్ల మీద పెట్టారు. రేకు మీద మందు పేరులో చివరి మూడక్షరాలే ఉన్నాయి. ఎక్స్‌పైరీ తేదీ ఎవరి జేబులోకి పోయిందో! మీ ఫ్రెండ్ ఇచ్చింది కూడా అలాంటి ముక్కేనా?

ఇక గ్లిమెపిరైడ్. రోజంతా ఎక్కుతూ ఉంటే దీనితో షుగర్ పడిపోవచ్చు. చెమట, వణుకు, తికమక వస్తే పక్కవాళ్లు చలి అనుకుంటారు. అప్పుడు మీ బ్రెడ్ పనికిరాదు. నెయ్యి, పప్పులు ఉన్నందువల్ల అది నెమ్మదిగా అరుగుతుంది. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ షుగర్ చూసుకోవాలి. గ్లూకోమీటర్‌ను జాకెట్ లోపల పెట్టుకోండి, చలికి మొరాయిస్తుంది.

బ్రెడ్‌లో తప్పేమీ లేదు. నెయ్యి గ్రాముకు 9 క్యాలరీలు, బెల్లం సుమారు 4. ‘పంచదార కాదుగా, బెల్లమేగా’ అనుకోకండి, షుగర్ దానితోనూ పెరుగుతుంది. నెయ్యి మరీ ఎక్కువైతే పైన ఆకలి మందగించినప్పుడు మింగుడుపడదు. పల్చగా కోసుకోండి, గడ్డకడితే పళ్లకు లొంగదు.

బెంగళూరు ఎత్తు దాదాపు 3,000 అడుగులు, కేదార్‌కంఠ శిఖరం 12,500. తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి ఎక్కొద్దు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, గీత మీద నడిచినట్టు నేరుగా నడవలేకపోయినా వెంటనే గైడ్‌తో కిందికి దిగాలి. మాత్ర వేసుకున్నాం కదా అని ఆగొద్దు.

క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), ఈసీజీ చేయించుకుని మీ డాక్టర్‌ను కలవండి. రైలెక్కే ముందురోజు కాదు, మూడు వారాల ముందే. మిమ్మల్ని చూడకుండా నేను డోసు చెప్పలేను. ఆ స్ట్రిప్ కూడా చూపించండి. రోజుకు ఎన్ని ముక్కలో రిపోర్టులు చూశాక ఆయనే చెబుతారు.