యాభయ్యో పుట్టినరోజుకు ఒంటరిగా విదేశం వెళ్తానన్న మేనకోడలికి

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నీవు వ్రాసినదంతా రెండుసార్లు చదివాను. యాభై ఏళ్ళు నిండే రోజున ఇంట్లో హోమమూ, బంతి భోజనాలూ వద్దనీ, ఒక్కదానివే ఏదైనా దేశానికి వెళ్ళి వారం రోజులు ఉండి రావాలని ఉందనీ, మీ ఆయన సరేనన్నా మీ అత్తగారు ఆ మాట విన్నప్పటి నుంచి ముభావంగా ఉన్నారనీ వ్రాశావు. వెళ్ళాలా వద్దా అని నీవు నన్ను అడగలేదు కనుక ఆ చర్చలోకి నేను పోను. ఒకసారి వెళ్ళి వచ్చినదానిగా, వెళ్ళే పద్ధతిని గురించి నాకు తెలిసినంత చెబుతాను.

నేను హేవిళంబి నామ సంవత్సరం మాఘ పూర్ణిమ నాడు పుట్టాను. అరవై ఏళ్ళు తిరిగి మళ్ళీ హేవిళంబి వచ్చి, అందులో మాఘ పూర్ణిమ 2018 జనవరి 31న పడింది. షష్టిపూర్తి అన్నది దంపతులు పీటల మీద కూర్చుని చేసుకునే వేడుక. మీ మామయ్య పోయాక నాకు ఆ ముచ్చట ఎవరూ తలపెట్టలేదు, నేనూ ఆశించలేదు. శ్రీలంక వెళ్తానని మాత్రం చెప్పాను. ఆ సాయంత్రమే సంపూర్ణ చంద్రగ్రహణమని తెలిసి, మీ నాన్న పంచాంగం చంకన పెట్టుకుని వచ్చి, "పుట్టిన తిథి, పైగా గ్రహణం, ఆపైన పరదేశం" అంటూ మూడు వేళ్ళు మడిచి చూపించాడు. నాలుగో వేలు మడవడానికి కారణం దొరకక కాఫీ తాగి వెళ్ళిపోయాడు. మీ అత్తగారి ముభావం కూడా ఆ జాతిదే. ఆమెతో వాదించకు. ఏ ఊరు, ఏ హోటలు, ఏ రోజు ఏ బండి అన్నది పెద్ద అక్షరాలతో కాగితం మీద వ్రాసి ఆమె చేతికే ఇవ్వు. చేతిలో కాగితం ఉన్న పెద్దవాళ్ళకు సగం భయం తగ్గుతుంది.

ఇక దేశం సంగతి. నీవు వియత్నాంలోని హోయాన్ అనుకుంటున్నానన్నావు. చక్కని ఊరే, కాని నీ పుట్టినరోజు కార్తీకంలో వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మధ్య వియత్నాం తీరాన వానలు, తుపానులు ఎక్కువ, నది పొంగి ఆ పాత ఊరి వీధుల్లోకి నీళ్ళు రావడం మామూలు. యాభయ్యో పుట్టినరోజును హోటలు మేడ మీద నుంచి వరద చూస్తూ గడపవలసిన పని లేదు. నా మాట వింటే థాయిలాండ్ వెళ్ళు. అక్కడివారి పన్నెండో చాంద్రమాసపు పున్నమి నాడు, అంటే సాధారణంగా మన కార్తీక పున్నమి నాడే, లోయ్ క్రతోంగ్ అనే పండుగ చేస్తారు. అరటి బోదెను గుండ్రంగా బిళ్ళలా కోసి, చుట్టూ అరటాకు మడతలు గుచ్చి, మధ్యలో పూలు, అగరువత్తులు, కొవ్వొత్తి పెట్టి నీటిలో వదులుతారు. విజయవాడలో ఏటా తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున అరటి దొప్పలో దీపం వదిలే నీకు, అదే పని ఇంకొక నది మీద ఇంకొక భాషలో జరుగుతూ ఉంటే చూడాలని ఉండదా? ఈ పండుగకు పేరుపడ్డ సుఖోథాయ్ బ్యాంకాక్‌కు ఉత్తరంగా సుమారు 430 కిలోమీటర్ల దూరంలో ఉన్న పాత రాజధాని. దాని శిథిలాలను యునెస్కో 1991లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే ఆ వారం గదులు ముందే నిండిపోతాయి, ధరలూ పెరుగుతాయి కనుక శ్రావణం దాటకుండానే గది మాట్లాడుకో.

ఎక్కడికి వెళ్ళినా, నీవు ఇంతకుముందే ఎరిగిన దేనితోనో ముడిపడిన చోటు చూసుకోమని నా సలహా. నేను శ్రీలంకను ఎంచుకున్నది ఒక శాసనం కోసం. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలో, 3వ శతాబ్దంలో, బోధిసిరి అనే ఉపాసిక తాను చేసిన దానాల జాబితా రాతి మీద చెక్కించింది. తంబపణ్ణి, అంటే సింహళ, భిక్షువుల కోసం కట్టించిన చైత్యగృహం, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరం, అందులో ఉంది. సీహళ విహారంలో బోధివృక్షానికి కట్టించిన ప్రాసాదమూ ఉంది. ముప్పై ఏళ్ళు దానిని నల్లబల్ల మీద వ్రాసి పాఠం చెప్పాను. అశోకుని కుమార్తె సంఘమిత్త క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో సముద్రం దాటి తీసుకువెళ్ళిందని చెప్పుకునే, బుద్ధునికి జ్ఞానోదయమైన బోధివృక్షపు కొమ్మ అనురాధపురంలో చెట్టై ఇప్పటికీ ఉంది. మన గుంటూరు సీమలో ఒక ఆడమనిషి ఏ చెట్టును తలచుకుని గుడి కట్టించిందో ఆ చెట్టు కింద నా అరవై ఏళ్ళు నిండాలనుకున్నాను. ఇలాంటి పట్టు ఒకటి ఉంటే, తెలియని ఊళ్ళో పొద్దున లేచి ఎటు వెళ్ళాలన్న తికమక ఉండదు.

పత్రాల గురించి బ్యాంకు ఉద్యోగివైన నీకు ఎక్కువ చెప్పను. పాస్‌పోర్టుకు ప్రయాణ తేదీ నుంచి ఆరు నెలలకు పైగా గడువు ఉండాలి. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు ఇంటిపేరు గడిలోనే పడాలి. ముందు పొడి అక్షరం పెట్టుకునే మన అలవాటు వల్ల, పుట్టింటి పేరూ అత్తింటి పేరూ కలిసిపోవడం వల్ల అక్కడ పొరపాట్లు జరుగుతాయి. నీది ప్రభుత్వ రంగ బ్యాంకు కనుక సెలవుతో పాటు విదేశ ప్రయాణానికి అనుమతి కూడా ముందే అడుగు. వీసా నిబంధనలు తరచుగా మారుతాయి, అధికారిక వెబ్‌సైటులోనే చూడు. 2025 మే 1 నుంచి థాయిలాండ్ వెళ్ళేవారు చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఒక రాక పత్రం నింపాలి. దానికి రుసుము లేదు. డబ్బు అడిగిన వెబ్‌సైటు ఏదైనా అది వేరొకరి దుకాణమని గుర్తుపెట్టుకో.

అన్నిటికన్నా ముఖ్యమని నేను అనుకునేది వేరే ఉంది. అందరూ ఒంటరి ఆడదాని భద్రత గురించే మాట్లాడతారు. దానికి పగటిపూట ఊరు చేరడం, మొదటి రెండు రాత్రులకైనా గది ముందే ఖాయం చేసుకోవడం, ఎవరైనా అడిగితే "మావాళ్ళు రేపు వస్తున్నారు" అని చెప్పడం (ఈ అబద్ధానికి దోషం లేదు) వంటి జాగ్రత్తలు ఉన్నాయి. మొదటి సాయంత్రాన్ని గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నేను కొలంబోలో దిగిన రోజు రాత్రి హోటలు భోజనశాలలో పక్క బల్ల దగ్గర ఒక కుటుంబం పిల్లవాడికి ఇడియాప్పం తుంచి పెడుతోంది. నా పళ్ళెంలోనూ అదే ఉంది. ముద్ద గొంతు దిగలేదు. గదికి వచ్చి తలుపు గడియ వేసుకుని, ఇంత వయసులో ఇదేం పిచ్చి పని అని ఏడ్చాను. మర్నాడు మధ్యాహ్నానికి ఆ దిగులు దానంతట అదే పోయింది. అందుకే చెబుతున్నాను, పుట్టినరోజుకు కనీసం మూడు రోజుల ముందు చేరు. ఆ దిగులేదో మామూలు రోజున వచ్చి పోనీ. పుట్టినరోజున ఊరు మారే ప్రయాణం పెట్టుకోకు. అప్పటికే అలవాటైన గదిలో లేచి, దారి తెలిసిన వీధిలో నడిచే రోజు కావాలి అది.

ఆ రోజు ఫోను సంగతి కూడా చెప్పాలి. మన బంధువర్గం సంగతి నీకు తెలుసు, తెల్లవారింది మొదలు ఒకరి తర్వాత ఒకరు, ప్రతివారూ "తిన్నావా, ఏం తిన్నావు" అని అడుగుతారు. వాళ్ళందరికీ సమాధానం చెబుతూ కూర్చుంటే నీవు పటమటలో ఉన్నా ఒకటే, సుఖోథాయ్‌లో ఉన్నా ఒకటే. మన లెక్కన రాత్రి ఏడు నుంచి ఎనిమిది వరకే మాట్లాడతానని ముందే అందరికీ చెప్పు. అక్కడ అప్పటికి ఎనిమిదిన్నర అయి ఉంటుంది, దీపాలు వదిలి వచ్చి తీరికగా మాట్లాడవచ్చు.

తిండి దగ్గర కార్తీక నియమం తప్పుతుందని బెంగపడకు. థాయిలాండ్‌లో చాలా కూరల్లో చేపల రసం పోస్తారు కనుక కూరగాయలు మాత్రమే అంటే చాలదు, "జే" అని అడుగు. జే భోజనంలో మాంసం, చేపలే గాక ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. పచ్చడి తీసుకువెళ్ళేటట్టయితే పెద్ద పెట్టెలోనే పెట్టు. నేను గోంగూర సీసాను చేతి సంచిలో పెట్టుకుని వెళ్తే, తనిఖీ దగ్గర ఒక అమ్మాయి దానిని దీపానికెత్తి చూసి, నూనె ఉంది కనుక వీల్లేదంది. సీసా మూత తీసి ఒక్కసారి వాసన చూసి తొట్టిలో వేశాను. కారప్పొడి మాత్రం పెద్ద పెట్టెలో క్షేమంగా చేరింది.

నా పుట్టినరోజున ఏం జరిగిందో నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. శ్రీలంకలో ప్రతి పున్నమీ పోయ దినం, అందరికీ సెలవు. తెల్లబట్టలు కట్టుకున్న జనం కలువపూలు పట్టుకుని బోధి దగ్గరకు వస్తూనే ఉన్నారు. పొద్దుటి ఎండకు రాళ్ళు కాలి, చెప్పులు లేని అరికాళ్ళు ఓర్చుకోలేక, పక్కనున్న ముసలావిడను చూసి నేనూ మేజోళ్ళు తొడుక్కున్నాను. సాయంత్రం ఆరున్నర ప్రాంతాన చంద్రుడు పైకి వచ్చేసరికే గ్రహణం పట్టి ఉన్నాడు, పాత రాగి చెంబు రంగులో. మనవైపు ఆ వేళకు గుళ్ళు మూసి ఉంటాయి. అక్కడ ప్రార్థనలు సాగుతూనే ఉన్నాయి. పొద్దున మేజోళ్ళు తొడుక్కున్న ఆవిడే మళ్ళీ కనిపించి, చేతులు జోడించి "ఆయుబోవన్" అంది. రోజుకు నూరుసార్లు అందరూ అనుకునే పలకరింపే అది, మాటకు అర్థం మాత్రం దీర్ఘాయుష్షు కలగాలని. నా పుట్టినరోజని ఆమెకు తెలియదు, నేనూ చెప్పలేదు.

నా నీలం పెట్టె చక్రాలు ఇంకా బాగానే తిరుగుతున్నాయి. వచ్చే ఆదివారం గుంటూరు వచ్చినప్పుడు తీసుకువెళ్ళు, వచ్చేముందు ఫోను చెయ్యి, కారప్పొడి కొట్టించి ఉంచుతాను.

ఇట్లు,
నీ మేనత్త