షేరు పడినప్పుడల్లా మనసు మార్చుకుంటున్న అబ్బాయి

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. టెస్లా షేరు గురించి ఇన్వెస్టర్లు మాట్లాడుకునేవన్నీ రెండేళ్లుగా వింటున్నాడు. షేరు పెరిగిన వారం ఎలక్ట్రిక్ కార్ల రంగంలోనే స్థిరపడతానంటాడు. పడిన వారం ఆ రంగం పని అయిపోయిందని, సాఫ్ట్‌వేర్‌కి మారిపోతానని అంటాడు. మాకు టెన్షన్‌గా ఉంది. అసలు ఆ రంగానికి భవిష్యత్తు ఉందా? వాడికి ఏం చెప్పమంటారు? (ఒక తండ్రి)

జవాబు: మీ అబ్బాయికి ఆసక్తి లేకపోతే రెండేళ్లపాటు ఒకే విషయం వెంట పడడు. కాబట్టి ముందు కాస్త స్థిమితపడండి. అతను చూస్తున్న అంకె మాత్రం అతనికి కావలసిన సంగతి చెప్పేది కాదు. ఈ మాట మీరు ఊరికే అంటే నమ్మకపోవచ్చు. అందుకే అదే కంపెనీకి చెందిన రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూపించండి.

2022లో టెస్లా షేరు దాదాపు 65 శాతం పడిపోయింది. అదే ఏడాది ఆ కంపెనీ 13 లక్షలకు పైగా కార్లు డెలివరీ చేసింది, అంటే అంతకుముందు ఏడాది కంటే 40 శాతం ఎక్కువ. బెర్లిన్ దగ్గర ఒకటి, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఒకటి, రెండు కొత్త ఫ్యాక్టరీలు మొదలయ్యాయి. ఉద్యోగుల సంఖ్య సుమారు 99 వేల నుంచి 1.28 లక్షలకు చేరింది. ఇప్పుడు 2024 చూడండి. డెలివరీలు 18.1 లక్షల నుంచి 17.9 లక్షలకు తగ్గాయి. ఏప్రిల్‌లో పది శాతానికి పైగా సిబ్బందిని తగ్గిస్తున్నట్టు కంపెనీయే ప్రకటించింది. ఏడాది చివరికి ఉద్యోగులు 1.40 లక్షల నుంచి సుమారు 1.26 లక్షలకు పడిపోయారు. షేరు మాత్రం ఆ ఏడాదిలో 60 శాతానికి పైగా పెరిగింది.

అంటే షేరు చూసి ఉద్యోగాల సంగతి ఊహించినవాడు రెండుసార్లూ తప్పే ఊహించి ఉండేవాడు. దీనికి కారణం ఉంది. షేరు కొనేవాళ్లు కంపెనీ ఇవాళ ఎన్ని కార్లు అమ్మిందన్నది ఒక్కటే చూడరు. ఇంకో పదేళ్లకు ఎంత లాభం వస్తుందనుకుంటారో దానికి ధర కడతారు. అందులో వడ్డీ రేట్లు, ఎన్నికలు, డ్రైవర్ లేని ట్యాక్సీల మీద ఆశలు, టెస్లా అధిపతి ఇలాన్ మస్క్ వేరే వ్యాపారాలు అన్నీ కలిసిపోతాయి. 2022లో ట్విటర్ కొనడానికి ఆయన టెస్లా షేర్లు అమ్మారు. ఆ అమ్మకానికీ, బ్యాటరీ ఇంజినీర్ల అవసరానికీ సంబంధం ఏముంది?

ఇంకో సంగతి కూడా మీ అబ్బాయి గమనించాలి. ఇన్వెస్టర్ల చర్చల్లో మాట్లాడే ప్రతి మనిషి డబ్బూ ఏదో ఒక పక్షాన ఉంటుంది. షేర్లు కొని పెట్టుకున్నవాళ్లకు కంపెనీ గొప్పగా కనిపించాలి. షార్ట్ సెల్లింగ్ చేసినవాళ్లకు, అంటే ధర పడుతుందని పందెం కట్టినవాళ్లకు, అది కూలిపోవాలి. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడవచ్చు, అయినా మూడో సంవత్సరం విద్యార్థి ఏ కోర్సు తీసుకోవాలన్నది ఆ ఇద్దరిలో ఎవరి ఆలోచనలోనూ ఉండదు.

రంగం భవిష్యత్తు గురించి అడిగారు. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల ప్రకారం 2024లో ప్రపంచమంతటా 1.7 కోట్లకు పైగా ఎలక్ట్రిక్ కార్లు అమ్ముడయ్యాయి (ఛార్జ్ చేసుకునే బ్యాటరీ, పెట్రోలు ఇంజిన్ రెండూ ఉండే ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు కలిపి). కొత్తగా అమ్ముడైన ప్రతి ఐదు కార్లలో ఒకటి కంటే ఎక్కువే. 2020లో ఆ సంఖ్య 30 లక్షల దగ్గర ఉండేది. రంగం పెరుగుతోంది, అందులో నాకు సందేహం లేదు. అయితే రంగం పెరిగినంత మాత్రాన అందులోని ప్రతి కంపెనీ బతకదు. అమెరికాలో లార్డ్స్‌టౌన్ మోటార్స్ 2023లో, ఫిస్కర్ 2024లో దివాలా పిటిషన్ వేశాయి. స్వీడన్‌లో ఎంతో పేరు తెచ్చుకున్న బ్యాటరీ సంస్థ నార్త్‌వోల్ట్ 2025లో దివాలా తీసింది. టెస్లా కూడా 2008 చివర్లో మునిగిపోయే అంచుదాకా వెళ్లి బయటపడిందే. అందుకే ఫలానా కంపెనీలోనే చేరాలని చదువు మొత్తం దానికి ముడిపెట్టవద్దు. ముఖ్యంగా ఆ ఒక్క కంపెనీ పేరు చెప్పి విదేశీ చదువుకు పెద్ద అప్పు చేద్దామంటే మాత్రం ఒప్పుకోకండి.

ఎలక్ట్రికల్ చదివేవాడికి ఇందులో గట్టి నేల ఎక్కడుందో చెబుతాను. మొదటిది పవర్ ఎలక్ట్రానిక్స్, అంటే కరెంటును ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే విద్య. బ్యాటరీ ఇచ్చేది డీసీ కరెంటు, ఇలాంటి కార్లలో మోటారుకు కావలసింది ఏసీ. మధ్యలో ఉండే ఇన్వర్టర్ ఎంత తక్కువ శక్తిని వృథా చేస్తే కారు అంత దూరం వెళుతుంది. టెస్లా మోడల్ 3లో శక్తిని తక్కువగా వృథా చేసే సిలికాన్ కార్బైడ్ ట్రాన్సిస్టర్లు వాడింది అందుకే. ఈ విద్య కార్లకే పరిమితం కాదు. సోలార్ ఇన్వర్టర్లు, రైలు ఇంజిన్లు, ఛార్జర్లు, డేటా సెంటర్ల యూపీఎస్‌లు అన్నింటికీ ఇదే కావాలి. ఒక కంపెనీ మూతపడితే ఇంకో తలుపు తట్టవచ్చు.

రెండోది బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్. మీ అబ్బాయి సాఫ్ట్‌వేర్‌కి మారతానంటున్నాడు కదా, ఇది నాకు చాలా నచ్చే చోటు. చవకగా, భద్రంగా ఉంటుందని ఇప్పుడు చాలా కార్లలో ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ వాడుతున్నారు. వాటితో ఒక చిక్కు ఉంది. ఛార్జ్ 70 శాతం ఉన్నా 40 శాతం ఉన్నా వోల్టేజిలో తేడా చాలా కొద్దిగానే కనిపిస్తుంది. మరి డ్యాష్‌బోర్డ్ మీద ఎంత ఛార్జ్ మిగిలిందో చూపించడం ఎలా? లోపలికి, బయటికి వెళ్లిన కరెంటును లెక్కగట్టి, ఉష్ణోగ్రత, సెల్ వయసు కలుపుకొని అంచనా వేయాలి. కాల్మన్ ఫిల్టర్ (పూర్తి కచ్చితత్వం లేని కొలతల నుంచి అసలు విలువను అంచనా వేసే పద్ధతి) లాంటి గణితం, సీ భాషలో కోడ్ రాయడం, సెల్ స్వభావం, మూడూ తెలిసినవాడు కావాలి. కోడింగ్ మాత్రమే వచ్చినవాడికి సెల్ అర్థం కాదు, సెల్ మాత్రమే తెలిసినవాడు కోడ్ రాయలేడు. మీ అబ్బాయి ఇప్పుడు నిలబడింది సరిగ్గా ఆ రెండింటి మధ్య. అక్కడి నుంచి పారిపోవలసిన పని లేదు.

మూడో సంవత్సరం కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. సిమ్యులింక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక మోటార్ డ్రైవ్ (మోటారును నడిపే వ్యవస్థ) నమూనా, ఒక మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ చిప్) మీద క్యాన్ బస్‌తో (కారులోని భాగాలు సమాచారం పంచుకునే లైను) చిన్న ప్రోగ్రామ్, ఈ రెండూ చాలు. లిథియం సెల్స్‌తో ప్రయోగాలు మాత్రం ఇంట్లో వద్దు, కాలేజీ ల్యాబ్‌లో లెక్చరర్ ముందే చేయమనండి. నిప్పు అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం.

ఇన్వెస్టర్ల మాటలు వినడం మాన్పించాలని నేను అనను, వినే తీరు మారితే చాలు. కంపెనీ ఏటా అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థకు ఇచ్చే నివేదిక ఎవరైనా చదువుకోవచ్చు. దేని మీద ఖర్చు పెడుతున్నారు, ఏ రిస్కులు ఉన్నాయని వాళ్లే ఒప్పుకుంటున్నారు, ఇవన్నీ అందులో ఉంటాయి.

చివరిగా, ఒక ప్రశ్న మీరు తీరిగ్గా అడగండి: "షేరు ధర అనేదే లేకపోతే, ఈ కార్ల గురించి నీకు ఏం తెలుసుకోవాలని ఉంటుంది?" మోటారు గురించో, బ్యాటరీ గురించో మాట్లాడితే అతను ఉండాల్సింది ఇక్కడే. బ్యాలెన్స్ షీట్లు, లాభాల లెక్కలు మాట్లాడితే బాధపడకండి, అదీ మంచి దారే. బ్యాటరీ ఎలా పనిచేస్తుందో తెలిసిన ఈక్విటీ అనలిస్టులు (షేర్లను విశ్లేషించేవాళ్లు) అరుదు, సీఎఫ్‌ఏ (పెట్టుబడుల విశ్లేషణకు సంబంధించిన అర్హత) లాంటి చదువులు అప్పుడు ఆలోచించవచ్చు. అతను ఏం చెప్పాడో నాకు రాయండి. దాన్ని బట్టి ఫైనలియర్ ప్రాజెక్టు ఏది తీసుకుంటే బాగుంటుందో చెబుతాను.