ఎన్ని ఫిర్యాదులు చేసినా కదలిక లేకపోతే...

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లో ఒక భవనం కింది అంతస్తులో ప్రైవేటు యజమాని దగ్గర అద్దెకు ఉంటున్నాం. మా పైనున్నది ఒక హౌసింగ్ అసోసియేషన్ (తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే లాభాపేక్ష లేని సంస్థ) ఫ్లాటు. అందులో ఉండేవారు అర్ధరాత్రి దాటాక స్పీకర్లు పెడతారు, మెట్ల మీద గుంపుగా చేరి తాగుతారు, ఇదేమిటని అడిగితే మా తలుపును కాలితో తన్ని వెళతారు. నవంబరు 14న గోల భరించలేక పోలీసుల 101 నంబరుకు ఫోన్ చేశాను. డిసెంబరు 2న ఆ అసోసియేషన్ హౌసింగ్ ఆఫీసరు మెట్ల దగ్గర కనబడితే చెప్పుకున్నాను. నవంబరు 5న, బాన్‌ఫైర్ నైట్ నాడు, మా గుమ్మంలో టపాసులు కాల్చి పడేసిన సంగతిని జనవరి 19న కౌన్సిల్‌కు (స్థానిక పాలక సంస్థకు) రాశాను. మళ్లీ రెండుసార్లు గొడవ జరిగితే, ప్రతిసారీ ఆ మరునాడే ఫిర్యాదు చేశాను: మార్చి 8న కౌన్సిల్‌కు, 27న పోలీసులకు. పోలీసులు కౌన్సిల్‌ను అడగమంటారు, కౌన్సిల్ హౌసింగ్ అసోసియేషన్‌ను అడగమంటుంది. వీళ్లందరి మీదా అడగడానికి ఏదైనా దారి ఉందా? మేము వర్క్ వీసా మీద ఉన్నాం, దానికేమీ ఇబ్బంది రాదు కదా?
– పేరు, ఊరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: దారి ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే 2014 నాటి అసాంఘిక ప్రవర్తన, నేరాలు, పోలీసు వ్యవహారాల చట్టంలోని 104వ సెక్షన్ ప్రకారం, తన ఫిర్యాదులను ఎలా పట్టించుకున్నారో సంబంధిత సంస్థలన్నీ కలిసి కూర్చుని పరిశీలించాలని బాధితులు కోరవచ్చు. దీనిని మొదట్లో ‘కమ్యూనిటీ ట్రిగ్గర్’ అనేవారు, ఇప్పుడు ‘ఏఎస్‌బీ కేస్ రివ్యూ’ అంటున్నారు (ఏఎస్‌బీ అంటే యాంటీ సోషల్ బిహేవియర్, అసాంఘిక ప్రవర్తన). స్కాట్లండ్‌లో ఉన్న మన పాఠకులకు ఇది వర్తించదు.

ఈ ఏర్పాటు వెనుక ఒక విషాదం ఉంది. లెస్టర్‌షైర్‌లోని బార్వెల్‌లో వీధి కుర్రాళ్ల వేధింపులను ఏళ్ల తరబడి భరించిన ఒక తల్లి, దివ్యాంగురాలైన కూతురు 2007 అక్టోబరులో ప్రాణాలు కోల్పోయారు. ఆ తల్లి ముప్పైసార్లకు పైగా పోలీసులకు ఫోన్ చేశారనీ, ప్రతి ఫోన్‌నూ విడి సంఘటనగానే చూశారనీ 2009లో జరిగిన విచారణలో బయటపడింది. మీ విషయంలో జరుగుతున్నదీ అదే పొరపాటు: మూడు కార్యాలయాలకు విడివిడిగా చెప్పుకున్నారు గాని, మీ ఫిర్యాదులన్నిటినీ ఒకచోట పెట్టి చూసినవారు లేరు.

ఇక అసలు విషయానికి, అంటే మీ తేదీలకు వద్దాం. సాధారణంగా మూడు అర్హమైన ఫిర్యాదులు ఉంటే సమీక్ష జరిపి తీరాలి. సంఘటన జరిగిన నెలలోపు చేసినదీ, చేసిన ఆరు నెలలలోపు సమీక్షకు దరఖాస్తు పెట్టినదీ అయితేనే ఆ ఫిర్యాదు అర్హమైనది. ఈ లెక్కన మీ జనవరి 19 నాటి ఉత్తరం పనికిరాదు, ఎందుకంటే అది రెండున్నర నెలల కిందటి టపాసుల గురించినది. డిసెంబరు 2న చెప్పుకున్న మాటకు రుజువు లేదు. ‘ఆ రోజు మీకు ఫలానా సంగతి చెప్పాను, నమోదు చేశారా’ అని ఆ ఆఫీసరుకు ఇప్పుడైనా ఒక ఈమెయిల్ పంపండి, ఒప్పుకుంటే లాభమే. నికరంగా మిగిలినవి నవంబరు 14, మార్చి 8, మార్చి 27. సరిగ్గా మూడు. అయితే నవంబరు 14 నాటి ఫోన్‌కు మే 13తో ఆరు నెలలు నిండుతాయి కనుక, దరఖాస్తు ఆ తేదీ దాటిందంటే మీ చేతిలో రెండే ఉంటాయి. ఈ సంఖ్యనూ గడువులనూ స్థానికంగా మార్చుకునే వీలు చట్టంలో ఉంది కాబట్టి మీ కౌన్సిల్ వెబ్‌సైటులోని నిబంధనలను ముందుగా చూసుకోండి. కొన్ని ప్రాంతాలలో జాతి ద్వేషంతో చేసిన సంఘటన ఒక్కటి ఉన్నా చాలు. తలుపు తన్నినప్పుడు అలాంటి మాటలు అని ఉంటే, మొహమాటపడకుండా ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టే రాయండి.

దరఖాస్తు ఫారం కౌన్సిల్ వెబ్‌సైటులో దొరుకుతుంది. అది నింపేటప్పుడు మనవాళ్లు తరచుగా చేసే పని, పైవాళ్లు ఎంత చెడ్డవాళ్లో నాలుగు పేజీలు రాయడం. ఈ సమీక్ష ప్రధానంగా చూసేది అధికారుల స్పందనను. అందుచేత ఏ తేదీన ఏం జరిగింది, ఎవరికి చెప్పారు, ఏ నంబరు ఇచ్చారు, ఆ తరువాత వారు ఏం చేశారు అన్న నాలుగు ముక్కలను వరుసగా రాయండి. ‘ఏమీ చేయలేదు’ అన్నది కూడా అక్కడ జవాబే. పిల్లల నిద్ర, చదువు, ఇంట్లోవారి ఆరోగ్యం ఎలా దెబ్బతిన్నాయో తప్పక చేర్చండి, ఎందుకంటే జరిగిన హానిని కూడా తూచి చూస్తారు.

సమీక్షలో కౌన్సిల్, పోలీసులు, ఆరోగ్య సేవల ప్రాంతీయ బోర్డు, హౌసింగ్ అసోసియేషన్ తమ దగ్గరున్న సమాచారాన్ని పంచుకుని, ఇంకా ఏం చేయవచ్చో సిఫార్సు చేస్తారు. పైవాళ్లకు కమ్యూనిటీ ప్రొటెక్షన్ నోటీసు (ఆ ప్రవర్తన మానుకోవాలన్న లిఖిత ఆదేశం) ఇవ్వడం, కోర్టు నుంచి ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తేవడం వంటివి అలాంటివే. సిఫార్సును పరిగణనలోకి తీసుకోవడం వారి విధి, అమలు చేసి తీరాలన్న నిర్బంధం మాత్రం లేదు. ఈ చట్టంలో నాకు కనిపించే పెద్ద లోటు అదే. అయినా ఒకరి మీద ఒకరు నెట్టుకోవడం ఆ బల్ల దగ్గర అంత సులభం కాదు. బాధితులనో వారి ప్రతినిధినో కాసేపు ఆ సమావేశానికి పిలిచే విషయం ఆలోచించమని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి కనుక, వస్తానని దరఖాస్తులోనే అడగండి. కనీసార్హత ఉందో లేదో, సమీక్షలో ఏం తేలిందో మీకు తెలపాలి. అది జరిగిన తీరు నచ్చకపోతే ఎవరిని అడగాలో కూడా స్థానిక నిబంధనలలో ఉండి తీరాలి.

ఈ సంస్థల ఉద్యోగి ఎవరైనా దురుసుగా ప్రవర్తించడం వంటి వాటిపై ఫిర్యాదుకు మార్గం వేరు. దరఖాస్తు పెట్టాం కదా అని 101కు చెప్పడం మానకండి. ప్రాణభయం ఉన్న రాత్రి 999కే చేయండి. సమీక్ష కోరే హక్కుకు ఈ చట్టం వీసా షరతు ఏదీ పెట్టలేదు.

ప్రశ్న: ఇలాంటి బాధే పడుతున్న మా అమ్మాయికి ఇంగ్లండ్‌లో కాగితాల పని చూసుకునే తీరిక లేదు. విజయవాడ నుంచి నేను దరఖాస్తు పెట్టవచ్చా?
– ఒక తండ్రి

జవాబు: బాధితుల తరఫున మరొకరు పెట్టవచ్చు, అయితే వారి సమ్మతి ఉండాలి. అక్కడి ఇరుగుపొరుగువారో, స్థానిక కౌన్సిలరో, ఎంపీయో పెడితే మాట్లాడడం తేలికవుతుంది. మీరే పెట్టదలిస్తే అమ్మాయి సంతకంతో రెండు వాక్యాల సమ్మతి పత్రం జతచేసి, అధికారులు ఎవరికి, ఏ వేళకు ఫోన్ చేయాలో రాయండి. వేసవిలో వారికి మధ్యాహ్నం 12 అయితే మీకు సాయంత్రం 4.30 అవుతుంది.