కాలేజీ క్యూబ్‌శాట్‌కి ఫ్రీఆర్‌టాస్ వాడొచ్చా, డబ్బు పెట్టి ఓఎస్ కొనాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ టీమ్ కాలేజీలో 1యూ క్యూబ్‌శాట్, అంటే పది సెంటీమీటర్ల డబ్బా లాంటి ఉపగ్రహం, చేస్తోంది. ఉపగ్రహాన్ని నడిపే ఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌కి ఫ్రీఆర్‌టాస్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) పెడదామని మీరంటే, "ఉచితంగా దొరికేదాన్ని నమ్మి అంతరిక్షంలోకి పంపుతారా, కొన్నదే వాడండి" అని మీ గైడ్ సార్ అంటున్నారు.

వాడొచ్చు. నేను చదువుకునే రోజుల్లో ఇలాంటి టీమ్‌లోనే రెండేళ్లు పనిచేశాను. మమ్మల్ని ఏడిపించినవన్నీ మేం రాసిన కోడ్‌లోవే, ఓఎస్‌లోవి కావు.

ముందు సార్‌కి చూపించడానికి నాలుగు ముక్కలు. మార్స్ మీద ఎగిరిన ఇంజెన్యుటీ హెలికాప్టర్‌లో ప్రధాన కంప్యూటర్ స్నాప్‌డ్రాగన్ 801, అంటే ఒకప్పుడు మన ఫోన్లలో ఉన్న చిప్పే. దాని మీద నడిచింది ఉచితంగా దొరికే లైనక్స్ ఓఎస్. ఐదుసార్లు ఎగిరితే చాలనుకుని పంపితే 2021 ఏప్రిల్ నుంచి 2024 జనవరి దాకా 72 సార్లు ఎగిరింది. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, 2013 ఫిబ్రవరి 25న మన శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ20 మీద వెళ్లిన బ్రిటన్ ఉపగ్రహం స్ట్రాండ్-1లో ఏకంగా ఒక నెక్సస్ వన్ ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. ఇక కొన్న ఓఎస్ సంగతి. 1997లో మార్స్ పాత్‌ఫైండర్ దిగిన కొద్ది రోజులకే దాని కంప్యూటర్ మాటిమాటికీ రీసెట్ అయింది. అందులో ఉన్నది డబ్బు పెట్టి కొన్న వీఎక్స్‌వర్క్స్. ఓఎస్‌లో తప్పేం లేదు. తక్కువ ప్రాధాన్యం ఉన్న టాస్క్, అంటే సాఫ్ట్‌వేర్‌లో విడిగా నడిచే ఒక పని, ఉమ్మడిగా వాడుకునేదాని తాళం పట్టుకుని కూర్చుంటే, ఎక్కువ ప్రాధాన్యం ఉన్నది ఆగిపోయింది. తాళం పట్టుకున్న టాస్క్‌కి ఎదురుచూసేదాని ప్రాధాన్యాన్ని అరువిచ్చే సెట్టింగ్ ఆఫ్‌లో ఉండిపోయింది, భూమి మీద నుంచి దాన్ని ఆన్ చేసి సరిచేశారు. ఫ్రీఆర్‌టాస్‌లోనూ ఇదే మెలిక ఉంది: తాళంగా మ్యూటెక్స్ అనేది వాడితే ఆ అరువు దొరుకుతుంది, బైనరీ సెమఫోర్ వాడితే దొరకదు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి మీ కోడ్‌లో ఏది ఎక్కడ వాడారో ఒకసారి వెతుక్కోండి.

ఇప్పుడు మా కథ. వాచ్‌డాగ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ అప్పుడప్పుడూ దాన్ని తట్టకపోతే బోర్డుని రీసెట్ చేస్తుంది. తెలివి ఎక్కువై మేం ఆ తట్టే పనిని టైమర్ ఇంటరప్ట్‌లో, అంటే టాస్కులు ఏమైనా సరే గడియారం ప్రకారం దానంతటదే నడిచే కోడ్‌లో, పెట్టాం. ఒక శనివారం బోర్డుని ఆన్‌లో వదిలేసి ఇంటికెళ్లాం. సోమవారం వచ్చి చూస్తే లాగ్ శనివారం సాయంత్రమే ఆగిపోయి ఉంది. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటర్ జవాబివ్వక, దాన్ని బోర్డుకి కలిపే ఐ2సీ లైను దగ్గర టాస్క్ ఇరుక్కుపోయింది. ఇంటరప్ట్ మాత్రం నిక్షేపంగా నడుస్తోంది, వాచ్‌డాగ్‌ని జోకొడుతోంది. కక్ష్యలో అయితే ఆ ఉపగ్రహం అక్కడితో సరి.

సరే, బుద్ధొచ్చి పర్యవేక్షణకి ఒక టాస్క్ రాశాం. ఓఎస్ కాలాన్ని టిక్కుల్లో లెక్కపెడుతుంది. ప్రతి టాస్కూ పని చేసినప్పుడల్లా "ఇప్పటి టిక్ ప్లస్ 30 సెకన్లు" అని గడువు రాసి పెడుతుంది. ఏ ఒక్కరి గడువు దాటినా పర్యవేక్షకుడు వాచ్‌డాగ్‌ని తట్టడం మానేస్తాడు. వారాల తరబడి బాగా నడిచింది. అప్పుడు మా సీనియర్ అక్క ఒకావిడ అడిగింది, "టిక్ కౌంటర్ నిండిపోతే ఏమవుతుంది?" అని. 32 బిట్ల కౌంటర్, మిల్లీసెకనుకి ఒకటి చొప్పున లెక్కేస్తే 49 రోజుల 17 గంటలకి నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. బెంచ్ మీద 49 రోజులు ఎవరు నడుపుతారు?

ఇక్కడే ఓపెన్ సోర్స్ కలిసొచ్చింది. ఫ్రీఆర్‌టాస్ కెర్నెల్, అంటే ఓఎస్ అసలు గుండె, అంతా కలిపి కొద్ది సీ ఫైళ్లే, కూర్చుని చదివాం. కౌంటర్ మొదటి విలువని మనమే ఇచ్చుకునే కాన్ఫిగ్ సెట్టింగ్ ఒకటి కనిపించింది. నిండడానికి సరిగ్గా రెండు నిమిషాల ముందు ఉండేలా పెట్టి ఆన్ చేశాం. తొంభై సెకన్లకి బోర్డు రీబూట్. మళ్లీ తొంభై సెకన్లకి ఇంకోటి. మొదట పవర్ సప్లై అనుకుని కేబుల్ కూడా మార్చాం! ఆ తర్వాత వెలిగింది: ఇంకా 30 సెకన్లు ఉందనగా గడువు లెక్క సున్నా దాటి చిన్న సంఖ్య అయిపోతోంది, "ఇప్పుడు గడువు కంటే పెద్దది" అని పర్యవేక్షకుడు అందరూ చచ్చిపోయారని తేల్చేస్తున్నాడు. గడువుని పోల్చడం మానేసి, ఇప్పటి టిక్‌లోంచి చివరిసారి టిక్ తీసేసి ఆ తేడా 30 సెకన్లు దాటిందా అని చూస్తే చాలు, సమస్య పోయింది. కెర్నెల్ రాసినవాళ్లు మాత్రం ఇది ముందే ఊహించి, నిద్రపోతున్న టాస్కులకి రెండు జాబితాలు పెట్టుకున్నారు. కౌంటర్ నిండగానే ఒకదాని స్థానంలో ఇంకోటి వస్తుంది. పట్టుకోకపోయి ఉంటే యాభై రోజులకోసారి కారణం తెలియని రీసెట్ వచ్చేది, మేం రేడియేషన్ మీదకి తోసేసి హాయిగా ఉండేవాళ్లం.

లైసెన్స్ గురించి టెన్షన్ వద్దు, ఫ్రీఆర్‌టాస్ 2017 చివరి నుంచి ఎంఐటీ లైసెన్స్‌లో ఉంది, అంటే దాదాపు షరతులు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు. ఆర్‌టెమ్స్ అనే ఇంకో ఉచిత ఓఎస్ కూడా మంచిదే, మీ ప్రాసెసర్ లియాన్ (అంతరిక్షంలో వాడే ఒక రకం) అయితే ముందు దాన్నే చూడండి. అన్నట్టు అది మొదట అమెరికా సైన్యం క్షిపణుల కోసం పుట్టింది, పేరులోని 'ఎమ్' ఒకప్పుడు మిసైల్. ఫ్లైట్ సాఫ్ట్‌వేర్ కట్టుకోవడానికి సిద్ధంగా దొరికే చట్రాలు, నాసా సీఎఫ్‌ఎస్, నాసా ల్యాబ్ జేపీఎల్ చేసిన ఎఫ్ ప్రైమ్ కూడా ఓపెన్ సోర్సే. వీటితో కోడ్‌లో చాలా భాగాన్ని బోర్డు రాకముందే మీ ల్యాప్‌టాప్ లైనక్స్ మీద నడిపి చూసుకోవచ్చు. ఏది తీసుకున్నా ఒక వెర్షన్ దగ్గర ఆగిపోండి, ప్రయోగం ముందు నెలలో అప్‌డేట్ అంటే ఎవరి మాటా వినకండి.

కెమెరా కోసం లైనక్స్ బోర్డు కూడా పెడతామన్నారు కదా. పెట్టండి, కానీ ఉపగ్రహం బతుకు దాని మీద ఆధారపడకూడదు. రూట్ ఫైల్ సిస్టమ్‌ని, అంటే లైనక్స్ ఫైళ్లుండే చోటుని, రీడ్-ఓన్లీ (చదవడమే తప్ప రాయడం కుదరనిది) చేసి, నడుస్తుండగా కరెంటు వంద సార్లు పీకి చూడండి. అలా చేయకముందు మా బోర్డు పదిహేడోసారికే బూట్ అవడం మానేసింది.