చేత్తో చేసిన ఖరీదైన షేవింగ్ బ్రష్ కొనాలా? మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య శుభాశీస్సులు.

నువ్వు పంపిన మూడు బ్రష్‌ల ఫోటోలూ వాటి వివరాలూ చూశాను. ఒకటి సింథటిక్ పోగులది, రెండవది పంది వెంట్రుకలది, మూడవది చేత్తో చేసినదని చెప్పుకుంటున్న, బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలది. మూడవదాని ధర మొదటిదానికి పదిరెట్లు దాటింది కనుక, అంత పెట్టడంలో అర్థం ఉందా అని అడిగావు. ముందు జవాబు చెప్పి, కారణాలు తరువాత చెబుతాను. గడ్డం నున్నగా తెగడం కోసమైతే అంత పెట్టనక్కరలేదు. ఆ ధరలో పెద్ద భాగం నీ చెంపకు ఎన్నడూ తగలని చోట, అంటే పిడిలోనూ పేరులోనూ ఉంటుంది. చెంపకు తగిలే కుచ్చులో మంచిచెడ్డలు నిజంగానే ఉంటాయి కాని, ఆ మంచిని చాలా తక్కువ ధరకే సంపాదించవచ్చు.

అసలు బ్రష్ ఏం చేస్తుందో చూడు. సబ్బునూ నీళ్ళనూ గాలినీ కలిపి నురుగు తీస్తుంది. ఆ నురుగును వెంట్రుకల మొదళ్ళ దాకా చేర్చి, చర్మానికి అంటుకుని పడుకున్న వెంట్రుకలను లేపుతుంది. రెండోసారి, మూడోసారి గీసుకోవడానికి సరిపడా నురుగును తనలో నిలిపి ఉంచుతుంది. గడ్డపు వెంట్రుక నీళ్ళు పీల్చుకుంటే మెత్తబడుతుంది, మెత్తబడిన వెంట్రుకను బ్లేడు సులువుగా కోస్తుంది. అలా నానడానికి పట్టే రెండు మూడు నిమిషాలు ఏ బ్రష్‌తో గడిపినా ఒకటే. ఆ తరువాత జరిగేదంతా బ్లేడు పదును, రేజర్ పట్టుకునే కోణం, చెయ్యి ఎంత తేలికగా ఆనుతున్నది అన్న వాటి మీద ఆధారపడి ఉంటుంది. ఖరీదైన కలం కొన్నంత మాత్రాన దస్తూరి మారదు, ఇదీ అంతే. అయితే డబ్బా నుంచి నొక్కి తీసే నురుగును వదిలి బ్రష్‌కు మారితే మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆ తేడా మామూలు బ్రష్‌తోనే వస్తుందన్నది గుర్తుంచుకో.

ఇక కుచ్చు సంగతి. దీన్ని కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే చేతిపనికి నిజమైన విలువ ఉన్నది ఇక్కడే. ముందు వెంట్రుకలను కడిగి, పొడవును బట్టి వేరు చేస్తారు. ఒక బ్రష్‌కు కావలసినంత తూచి తీసుకుని, అడుగు గుంటగా ఉండే చిన్న గిన్నెలాంటి అచ్చులో కొసలు కిందికి వచ్చేలా నిలబెడతారు. ఆ అచ్చును బల్ల మీద తడుతూ ఉంటే ఒక్కొక్క వెంట్రుకా దాని కొస అడుగును తాకేదాకా జారి కూర్చుంటుంది. కుచ్చు తలకు ఆ గుండ్రటి రూపం అలా వస్తుంది తప్ప, కొసలకు కత్తెర తగలదు. తరువాత మొదళ్ళ దగ్గర దారం చుట్టి, బిగించి ముడివేసి, మొదళ్ళవైపు సమంగా కోసి, జిగురు పట్టించి పిడిలో కూర్చోబెడతారు. అచ్చులో ఓపికగా కూర్చే శ్రమ తప్పించుకోవాలనుకునేవాళ్ళు వెంట్రుకలను గుత్తిగా కట్టేసి, పైనుంచి గుండ్రంగా కత్తిరిస్తారు. సహజంగా పెరిగిన వెంట్రుక కొస సన్నబడుతూ పోయి వంగుతుంది. కత్తిరించిన కొస మొద్దుగా నిలబడి గుచ్చుతుంది. పొడి బ్రష్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, కొసలను పక్కనుంచి చూస్తే ఈ తేడా కంటికే కనబడుతుంది: ఒకదానిలో అంచు పొగలా మసకగా కలిసిపోతుంది, మరొకదానిలో గీత గీసినట్టు తెగి ఉంటుంది. చెంప మీద ఆనించి చూస్తే ఇక చెప్పనే అక్కరలేదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్యాడ్జర్ వెంట్రుకల్లో చాలా భాగం చైనా నుంచే వస్తుంది. కుచ్చులను తయారుగా కట్టి అమ్మే కార్ఖానాలూ అక్కడ చాలా ఉన్నాయి, వాటిలో కట్టేది కూడా మనిషి చెయ్యే. కాబట్టి "చేత్తో చేసినది" అన్న మాట ఒక్కదానితోనే ఏమీ తేలదు. చౌక బ్రష్‌కూ అది వర్తించవచ్చు. చేతిపని బ్రష్‌లని అమ్మేవారిలో చాలామంది పిడిని మాత్రమే తాము లేత్ మీద చెక్కి, కుచ్చును ఇలాంటి కార్ఖానా నుంచి కొని, జిగురుతో అతికిస్తారు. అందులో మోసమేమీ లేదు, ఆ పిడి నిజంగానే అందంగా ఉండవచ్చు. కాని అదే కార్ఖానా కుచ్చు సాదా ప్లాస్టిక్ పిడితో అందులో కొద్ది ధరకే దొరుకుతున్నప్పుడు, మిగిలిన సొమ్మంతా పిడికే ఇస్తున్నానన్న ఎరుక కొనేవాడికి ఉండాలి. కుచ్చునూ తామే అచ్చులో కూర్చి కట్టేవారు తక్కువ. ఇంగ్లండులో 1919లో మొదలైన సింప్సన్ వంటి పాత పేర్లు సంపాదించుకున్న గౌరవం కుచ్చు పని వల్ల వచ్చిందే. దట్టంగా, తక్కువ ఎత్తుతో, నడుమ బోలు లేకుండా కట్టడం అనుభవం లేని చేతికి అంత తేలిక కాదు. నువ్వు చూసిన మూడవ బ్రష్ వివరాల్లో పిడి చెక్క గురించి రెండు పేరాలు ఉన్నాయి, కుచ్చు ఎవరు కట్టారో ఒక్క వాక్యం లేదు. ఆ మౌనం నాకు నచ్చలేదు.

వెంట్రుకల రకాల గురించి అమ్మేవాళ్ళు వాడే మాటలను కూడా ఆచితూచి నమ్మాలి. ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అని బ్యాడ్జర్‌కు తరగతులు చెబుతారు. ఆ క్రమంలో మెత్తదనమూ ధరా పెరుగుతాయన్నది స్థూలంగా నిజమే కాని, వీటికి తయారీదారులందరూ కట్టుబడే కొలమానం ఏదీ లేదు. ఒకరి "బెస్ట్" మరొకరి "సూపర్" కంటే మెరుగ్గా ఉండవచ్చు. కొసలు మరీ మెత్తగా, జిగురుజిగురుగా తగిలేందుకు రసాయనాలతో శుద్ధి చేసిన వెంట్రుకలూ ఉంటాయి. అవి నచ్చేవాళ్ళకు నచ్చుతాయి, నాకు ఆ స్పర్శ అంతగా రుచించదు. పేరు ఒకటి, సరుకు ఒకటి కావడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సరుకు వచ్చే దారులు తారుమారై, గుర్రపు వెంట్రుకలను బ్యాడ్జర్‌లా కనబడేలా చేసి బ్రష్‌లు కట్టి అమ్మారు. వాటిని సరిగా శుద్ధి చేయకపోవడం వల్ల బ్రిటిష్, అమెరికన్ సైనికులకూ పౌరులకూ ఆంత్రాక్స్ అనే ప్రమాదకరమైన జబ్బు సోకి, కొందరు చనిపోయారు కూడా. చివరికి 1920లో బ్రిటన్ జపాన్ నుంచి షేవింగ్ బ్రష్‌ల దిగుమతిని నిషేధించింది. ఇప్పటి బ్రష్‌లతో ఆ భయం అక్కరలేదు. కాని ఎప్పుడైనా వందేళ్ళనాటి పాత బ్రష్ అందంగా ఉందని మనసుపడితే, పిడిని ఉంచుకుని కుచ్చును తీసి పారేయించి కొత్తది పెట్టించుకో. ఆ పాత వెంట్రుకలను ముఖానికి తగలనివ్వకు.

పంది వెంట్రుకల బ్రష్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు, అది అన్యాయం. అది మొదట్లో గరుకుగానే ఉంటుంది. వాడేకొద్దీ ప్రతి వెంట్రుక కొసా రెండుగా, మూడుగా చీలిపోవడం వల్ల తల మెత్తబడుతుంది, వెన్నులోని బిగువు మాత్రం అలాగే ఉంటుంది. గట్టి సబ్బు బిళ్ళ నుంచి సబ్బును ఎత్తడంలో మెత్తని సిల్వర్‌టిప్ కంటే ఇదే చురుకైనది. ఇటలీలో ఒమేగా, పోర్చుగల్‌లో సెమోగ్ దశాబ్దాలుగా ఈ రకం బ్రష్‌లు చేస్తూ వస్తున్నాయి, వాటి ధరలు ఎవరినీ భయపెట్టవు. వాడబోయే ముందు కొన్ని నిమిషాలు వెంట్రుకలను మాత్రం నీళ్ళలో నానబెట్టాలి, కొన్ని వారాలు ఓపిక పట్టాలి. ఆ ఓపిక లేనివాళ్ళే దీన్ని తిట్టేది.

సింథటిక్ విషయంలో పాత అభిప్రాయాలు ఇప్పుడు చెల్లవు. ఒకప్పటి నైలాన్ కుచ్చులు బిరుసుగా ఉండి, నీళ్ళను నిలుపుకోలేక చొక్కా మీదికి చిమ్మేవి. ఇప్పుడు కొసలు సన్నగా తీర్చిన పోగులు వస్తున్నాయి, చెంప మీద మెత్తదనంలో అవి మంచి బ్యాడ్జర్‌కు దగ్గరగా ఉంటాయి. నానబెట్టే పని లేదు, త్వరగా ఆరిపోతాయి, కొత్తలో జంతువు వాసన ఉండదు, జంతువును చంపిన సొమ్మన్న బాధా ఉండదు. పోగు తనలోకి నీళ్ళు పీల్చుకోదు కనుక నీళ్ళు తక్కువతో మొదలుపెట్టి, చుక్కచుక్కగా కలుపుకోవాలి. అలవాటైతే అదేమంత పని కాదు. ప్రయాణాలు ఎక్కువగా చేసేవాడివి కనుక నీకు ఇది బాగా సరిపడుతుంది.

కొలతలు కూడా చూసుకో. కుచ్చు మొదలు వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లు, పిడి పైన కనబడే ఎత్తు సుమారు 50 మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువమందికి కుదురుతుంది. వెడల్పుతో పోల్చితే ఎత్తు మరీ ఎక్కువైతే కుచ్చు వాలిపోతుంది, మరీ తక్కువైతే బిరుసుగా ఉండి సున్నితమైన చర్మాన్ని గీకుతుంది. నీకు మొటిమల బాధ ఉంది కనుక కాస్త వాలే కుచ్చే మేలు. 28, 30 మిల్లీమీటర్ల భారీ బ్రష్‌లు ఫోటోలో దర్జాగా కనబడతాయి కాని సబ్బును అనవసరంగా మింగుతాయి, పైగా ముక్కు కింద పట్టవు.

నువ్వు రాసిన అసలు ఫిర్యాదు నురుగు నిలవడం లేదని. అది బ్రష్ దోషమని ఎలా తేల్చావో నాకు అర్థం కాలేదు. ఉప్పునీళ్ళలోని, అంటే కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బులోని కొవ్వు ఆమ్లాలతో కలిసి తెల్లని తెట్టుగా మారతాయి, నురుగుకు మిగలవలసిన సబ్బు ఆ తెట్టులో కలిసిపోతుంది. ఎంత ఖరీదైన కుచ్చైనా దీన్ని మార్చలేదు. ఒక్క ఉదయం ఇప్పుడున్న బ్రష్‌తోనే, డిస్టిల్డ్ వాటర్‌తో నురుగు తీసి చూడు. అప్పుడు నిలిస్తే లోపం నీళ్ళదే. అప్పటికీ నిలవకపోతే సబ్బు ఎక్కువసేపు ఎత్తు: బ్రష్‌ను పిండి, సబ్బు మీద అర నిమిషం తిప్పి, కొసలకు చిక్కని పూత పట్టిన తరువాత ముఖం మీద తిప్పుతూ కొద్దికొద్దిగా నీళ్ళు అందించు. బుడగలు పెద్దవిగా కనబడుతున్నాయంటే నీళ్ళు ముందే ఎక్కువయ్యాయని అర్థం. నురుగు ఉపరితలం నిగనిగలాడుతూ, బ్రష్ ఎత్తినప్పుడు చిన్న మొనలా నిలబడి మెల్లగా వంగితే అది సరైన పాకం.

పిడి మీద డబ్బు పెట్టకూడదని నేననడం లేదు. రోజూ ఉదయం చేతికి తీసుకునే వస్తువు కంటికి నచ్చాలని కోరుకోవడం తప్పు కాదు, పనివాడి శ్రమకు విలువ కట్టడం మరీ మంచిది. దాన్ని అలంకారంగా లెక్కవేసి, ఆ పద్దు కిందే ఖర్చు రాసుకో. గడ్డం బాగా గీసుకోవడం కోసమని మాత్రం రాసుకోకు. మంచి బ్రష్ పదిహేనేళ్ళు వస్తుంది కాబట్టి రోజుకు పడే ఖర్చు స్వల్పమే అన్న లెక్కా విన్నాను. జాగ్రత్తగా వాడితే మామూలు బ్రష్ కూడా చాలా ఏళ్ళు వస్తుంది కనుక, ఆ లెక్క ఖరీదైనదానికి ప్రత్యేకంగా పనికిరాదు.

ఏది కొన్నా మొదటి వారాల్లో కొన్ని వెంట్రుకలు రాలవచ్చు, కంగారుపడకు. నెల దాటాక కూడా రాలుతూనే ఉన్నా, గుత్తులుగా ఊడి వస్తున్నా, తడిపి విదిలించినప్పుడు నడుమ ఖాళీ గుంట కనబడుతున్నా, ముడి వదులో జిగురు పట్టలేదో అయి ఉంటుంది, తిరిగి పంపించెయ్యి. చెయ్యి భరించలేనంత వేడినీళ్ళు పొయ్యకు, జిగురు చెడుతుంది. ముఖం మీద అణచిపెట్టి రుద్దకు, నడిమి వెంట్రుకలు విరిగిపోతాయి. పని అయ్యాక బాగా కడిగి, మెలిపెట్టకుండా పిడికిట్లో పిండి, గాలి ఆడే చోట ఉంచు. వేలాడదీయాలా నిలబెట్టాలా అన్న వాదన పట్టించుకోనక్కరలేదు, ఆరడం ముఖ్యం. తెట్టు పట్టి గట్టిపడితే వెనిగర్ కలిపిన నీళ్ళలో కొన్ని నిమిషాలు ముంచి కడుగు.

ఇప్పటికి ఆ సింథటిక్ బ్రష్ తెప్పించుకో. ఏడాది వాడిన తరువాత కూడా బ్యాడ్జర్ మీద మోజు తీరకపోతే అప్పుడు చూద్దాం. ఈలోగా ఆ మూడవ బ్రష్ అమ్మేవాడికి రెండు ప్రశ్నలు రాసి పంపు: కుచ్చు మీరే కట్టారా, ఎక్కడినుంచైనా కొన్నారా? కొసలకు కత్తెర తగిలిందా, లేదా? వచ్చిన జవాబును ఉన్నదున్నట్టుగా నాకు పంపించు.

ఇట్లు,
నీ మామయ్య