పన్ను పీకిన చోట ఎముక పొడి వేయించాలా? కుందేళ్లను సాకినవాడిగా నా జవాబు

పన్ను పీకాక ఆ గుంటలో ఎముక పొడి వేస్తే దవడ ఎముక బాగా పెరుగుతుందని, జంతువుల మీద ఇది రుజువైందని మీ డెంటిస్టు చెప్పారు. నమ్మి వేయించుకోవచ్చా అని అడిగారు. జంతువుల్లో చూసింది నిజమే. కానీ ఆ జంతువుకీ మనకీ ఉన్న తేడా ఎవరూ చెప్పరు. ఆ జంతువులకు మేత వేసినవాణ్ణి కాబట్టి నేను చెబుతాను.

మాది రాజాం దగ్గర పల్లె. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం. ఊరికి తిరిగి రాకముందు ఆరేళ్లు ఒక కాలేజీ యానిమల్ హౌస్‌లో, అంటే ప్రయోగాల కోసం జంతువులను సాకే చోట, పనిచేశాను. అక్కడ ఒక పీజీ అమ్మాయి థీసిస్ కోసం 12 కుందేళ్లు తెచ్చారు. కింది దవడలో రెండు వైపులా చిన్న రంధ్రం చెయ్యాలి, ఒకవైపు పొడి నింపాలి, రెండోవైపు ఖాళీగా వదలాలి. 8 వారాలయ్యాక రెండూ పోల్చి చూడాలి.

ఆపరేషన్ రోజున మత్తిచ్చి, గడ్డం కింద బొచ్చు గొరిగి, చర్మం కోసి, ఎముక తేలగానే డ్రిల్లు పెట్టేవారు. సెలైన్ చుక్కలు ఆగకుండా పోయడం నా పని. డ్రిల్లు రాపిడికి ఎముక వేడెక్కి 47 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం ఉంటే చాలు, దెబ్బతింటుంది. అది కూడా కుందేళ్లలోనే తేల్చారట. అందుకే సెలైన్ సీసా దించాలంటే చెయ్యి వణికేది.

అసలు కష్టం ఆ రాత్రి మొదలయ్యేది. దవడ నొప్పికి కుందేలు మేత ముట్టదు. మేత ముట్టకపోతే దాని పేగు కదలిక ఆగిపోతుంది, ప్రాణానికే ముప్పు. ఒక నల్ల కుందేలు గరిక పెట్టినా, లేత కొత్తిమీర పెట్టినా మూతి తిప్పేసుకుంది. క్యారెట్ మెత్తగా నూరి సిరంజితో నోటి పక్క నుంచి కొంచెం కొంచెంగా పోస్తూ తెల్లవార్లూ కూర్చున్నాను. పొద్దున ట్రేలో నాలుగు పెంటికలు కనబడ్డాక గానీ టీ తాగలేదు. జంతువుల మీద ప్రయోగం అనే మాట పేపర్లో చదివేవాళ్లు ఆ నల్ల కుందేలును ఒకసారి తలచుకోవాలని నా కోరిక.

8 వారాలయ్యాక దవడలు తీసి ఫార్మలిన్‌లో పెట్టారు. యాసిడ్‌తో మెత్తబరిచి, పల్చగా కోసి, స్లైడ్లు చేశారు. ఒక సాయంత్రం ఆ అమ్మాయి "అన్నా, ఒకసారి ఇటు రండి" అని పిలిచి మైక్రోస్కోప్‌లో చూపించింది. పొడి వేసిన వైపు గింజల చుట్టూ కొత్త ఎముక గులాబీ రంగులో అల్లుకుంది. చాలా బాగుంది. తర్వాత రెండో స్లైడు పెట్టింది. ఖాళీగా వదిలిన వైపు కూడా అంతా గులాబీ రంగే! రంధ్రం దానంతట అదే పూడిపోయింది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్ల గైడు వచ్చి, రంధ్రం మరీ చిన్నదైపోయింది, ఏమీ వెయ్యకపోయినా జీవితకాలంలో పూడనంత పెద్దది చేస్తే గానీ పొడి సత్తా తెలియదన్నారు. దాన్నే క్రిటికల్ సైజ్ అంటారు, 1986 నుంచీ వాడుకలో ఉన్న మాట. ఎలుక పుర్రెలోనైతే మామూలుగా 8 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తారు.

మీ ప్రశ్నకు నా జవాబు ఆ రెండో స్లైడులోనే ఉంది. గోడలు బాగున్న గుంట మామూలుగా పూడుతుంది. రక్తం గడ్డకట్టి, అందులోంచే ఎముక కడుతుంది. మరి పొడి ఎందుకంటే, అక్కడి దవడ ఎముక వెడల్పు తగ్గిపోకుండా. స్వీడన్‌కు చెందిన లిండే, బ్రెజిల్‌కు చెందిన అరావుజో అనే పరిశోధకులు 2005లో 12 కుక్కల్లో చూపించింది ఇదే. పన్ను పోగానే బుగ్గ వైపు పల్చటి ఎముక గోడ 8 వారాల్లో బాగా కరిగిపోయింది. ఆ గోడలో కొంత భాగం పన్నును పట్టుకోవడానికే ఉంటుంది, పన్నుతోపాటే పోతుంది. వాళ్లే తర్వాత పొడి నింపి చూశారు. గోడ కరగడం ఆగలేదు, కానీ మొత్తం వెడల్పు చాలావరకు నిలిచింది. కాబట్టి అక్కడ ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, వేయించుకునే ఆలోచన ఉంటే పొడి వేయించండి. లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి.

కాలం లెక్క కూడా మరిచిపోవద్దు. ఎముక ఒకసారి పాతది పోయి కొత్తది కట్టడానికి కుందేలుకు 6 వారాలు, కుక్కకు 12, మనిషికి దాదాపు 17 పడుతుంది. కుందేలులో 8 వారాలంటే మనకు 5 నెలల పైమాటే.

కిందటేడు మా అమ్మను దవడ పన్ను తీయించడానికి విజయనగరం తీసుకెళ్లాను. డాక్టరుగారు చిన్న గాజు సీసా చూపించి ఇది వేద్దామన్నారు. అమ్మ సీసా వంక చూసి "అదేటి బాబూ, ముగ్గుపిండా?" అంది. "ఎముక పొడమ్మా" అని ఊరుకున్నారాయన. ఏ ఎముకో చెప్పలేదు. పెట్టె తిప్పి చూస్తే బొవైన్ అని ఉంది, అంటే ఆవు జాతి. ఎక్కువ వేడిలో లోపలి మాంసకృత్తులన్నీ పోగొట్టి ఖనిజం మాత్రమే మిగులుస్తారు, అది నిజమే. అయినా మా అమ్మ నోట్లో పెట్టేదేమిటో మా అమ్మకు చెప్పాలి కదా! ఒప్పుకుంటుందో లేదో ఆవిడ ఇష్టం. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ లాంటి కృత్రిమ పొడులు కూడా ఉన్నాయి, అడిగితే ఇస్తారు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

దానికంటే పెద్ద విషయం ఇంకొకటి. మా కుందేళ్లకు షుగరు లేదు, వయసు మీరలేదు, అవి చుట్ట కాల్చలేదు. మా అమ్మకు ఈ మూడూ ఉన్నాయి. పైగా మా వైపు ఆడవాళ్లకు అడ్డచుట్ట అలవాటు, నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుంటారు. డెన్మార్క్ డాక్టరు పిండ్‌బోర్గ్ బృందం మా శ్రీకాకుళం జిల్లాలో 10 వేల మందికి పైగా నోళ్లు పరీక్షించి, అడ్డచుట్ట కాల్చేవాళ్ల అంగిలి ఎలా పాడవుతుందో 1971లోనే ప్రచురించింది. ఇన్నేళ్లయినా మా పల్లెలో సాయంత్రమైతే అరుగుల మీద అదే పొగ. అలాంటి నోట్లో ఎంత ఖరీదైన పొడి వేసినా బూడిదలో పోసిన పన్నీరే అని నా గట్టి నమ్మకం. ముందు చుట్ట మానాలి, షుగరు అదుపులోకి రావాలి, ఆ తర్వాతే పొడి మాట.

అమ్మకు ఇంప్లాంట్ ఆలోచన లేదు కాబట్టి పొడి వద్దన్నాను. గుంట మెల్లగా పూడింది, ఇప్పుడు చిగురు గట్టిగానే ఉంది. రోజుకు నాలుగు కాల్చే చుట్టలు ఒకటికి వచ్చాయి. ఆ ఒక్కటీ మాన్పించడానికి రోజూ సాయంత్రం పక్కనే కూర్చుంటున్నాను.